జీటీవో, జీటీ-హెచ్‌వో: రెండింటికీ ‘మజిల్ కార్’ అన్న ఒక్క మాటే చాలునా?

మామూలు కారులో పెద్ద ఇంజన్ పెట్టి చేసిన బలమైన కారును ఇంగ్లీషులో ‘మజిల్ కార్’ అంటారు. దాన్ని ‘కండర కారు’ అనవచ్చునా అని అడిగిన మిత్రులకు నమస్కారం. శరీరశాస్త్రంలో కండరం సరైన పదమే గాని, బలాన్ని గురించి చెప్పేటప్పుడు మన నోట వచ్చేది ‘కండ’. కాబట్టి ‘కండగల కారు’ నాకు నచ్చుతుంది. అయితే మీరు ఉదహరించిన జీటీవో, జీటీ-హెచ్‌వో అన్న రెండు కార్లూ ఆ ఒక్క మాటలో ఇముడుతాయా అన్నది ముందుగా తేల్చుకోవాలి.

అమెరికా కారు పాంటియాక్ జీటీవో 1964 మోడల్‌గా వచ్చింది. పాంటియాక్ జనరల్ మోటార్స్ సంస్థలో ఒక విభాగం. 1963లో ఆ సంస్థ తన విభాగాలను కార్ల పందేలకు దూరంగా ఉండమన్న తరువాత, పందెపు కార్ల బలాన్ని మామూలు రోడ్డు మీదికే తేవాలని పాంటియాక్ ఇంజనీరు జాన్ డెలోరియన్ బృందం పూనుకొంది. మధ్యతరహా కార్లలో 330 ఘనపుటంగుళాలకు మించిన ఇంజన్ ఉండరాదన్న సంస్థ నియమం అడ్డురాగా, 389 ఘనపుటంగుళాల వి8 (ఎనిమిది సిలిండర్ల) ఇంజన్‌ను టెంపెస్ట్ లెమాన్స్ అనే తమ మధ్యతరహా కారుకు కొనుగోలుదారు కోరితే అమర్చే అదనపు హంగుగా చూపి ఆ నియమాన్ని దాటారు. ప్రాథమిక రూపంలోనే 325 హార్స్‌పవర్ ఉన్న ఆ కారుకు నాలుగు చక్రాలకూ, ఎక్కువసేపు వాడితే వేడెక్కి పట్టు తగ్గే డ్రమ్ బ్రేకులే ఉండేవి. తిన్నని రోడ్డు మీద దూసుకుపోవడమే దాని ప్రతాపం.

పేరు మాత్రం ఇటలీ పందెపు కారు ఫెరారీ 250 జీటీవో నుంచి తెచ్చుకొన్నది. ‘గ్రాన్ టురిస్మో ఒమొలొగాటో’ అన్న ఆ ఇటాలియన్ పేరులోని చివరి మాటకు, పందెంలో దిగడానికి నిర్వాహకుల ఆమోదం పొందినది అని అర్థం. పందేలు మానుకొన్న సంస్థ చేసిన కారుకు ఈ పేరు ఎలా నప్పుతుంది?

ఆ అర్థానికి నిజంగా తగిన కారు 1971 నాటి ఆస్ట్రేలియా ఫోర్డ్ ఫాల్కన్ జీటీ-హెచ్‌వో ఫేజ్ త్రీ. హెచ్‌వో అంటే ‘హ్యాండ్లింగ్ ఆప్షన్’ (కారును అదుపు చేయడం మెరుగుపరచే హంగు) అని సంస్థ చెప్పినా, దాన్ని తయారు చేసింది ఆస్ట్రేలియాలోని బాథర్స్ట్ ఊళ్లో జరిగే కార్ల పందెం కోసమే. జనానికి అమ్మే కార్లే ఆ పందెంలో పరుగెత్తాలి గనుక సుమారు 300 కార్లు చేసి అమ్మారు. నాలుగు తలుపుల కుటుంబపు కారులో 351 ఘనపుటంగుళాల వి8 ఇంజన్‌ను, మాటిమాటికీ ఆగనక్కరలేకుండా 164 లీటర్ల పెట్రోల్ ట్యాంకును అమర్చారు. ఎత్తుపల్లాలూ మలుపులూ నిండిన బాథర్స్ట్‌లోని మౌంట్ పనోరమా కొండదారిలో, ఆ ఏడాది 500 మైళ్ల పందెం మొత్తాన్ని ఆలన్ మొఫాట్ ఒక్కడే నడిపి గెలిచాడు. ఇంత వేగపు కార్లు జనం చేతికి వస్తున్నాయని 1972లో పత్రికల్లో రేగిన ఆందోళనతో దీని తరువాతి ఫేజ్ ఫోర్ ఆగిపోయింది. ఆ కథనాలు ఇటువంటి కార్లను ‘సూపర్ కార్’ అన్నాయి.

అందువల్ల జీటీవోను ‘కండగల కారు’ అందాం. గంటల తరబడి వేగాన్నీ బ్రేకులనూ నిలుపుకోవలసిన ఫాల్కన్‌కు ‘సత్తువ’ అన్న మాట తగినదని నా అభిప్రాయం. రెండింటినీ ఒకే వర్గంగా చూపవలసిన చోట ‘మజిల్ కార్’ అనే ఉంచడం మేలు.