మార్కెట్ టౌన్ అంటే సంత ఊరేనా?

రఘు: స్కాట్లండ్‌లోని హాడింగ్టన్ ఊరి మీద వ్యాసాన్ని తెలుగు చేస్తుంటే నాలుగు మాటల దగ్గర బండి ఆగింది: బర్గ్, టోల్‌బూత్, నన్‌గేట్, ఫర్లట్. మొదటిది మార్కెట్ టౌనే కదా, ‘సంత ఊరు’ చాలదా?

కామేశ్వరి: చాలదు రఘుగారూ. ముందు పలకడం సరిచేసుకుందాం: అది ‘బరా’, ఎడిన్‌బరాలో ఉన్నదే. సంత వారానికోసారి చింతచెట్ల కిందైనా కూడుతుంది. బరా అంటే వ్యాపారానికి పట్టా పొందిన ఊరు. 12వ శతాబ్దంలో మొదటి డేవిడ్ రాజు ఈ పద్ధతి తెచ్చాడు. రాజు నేరుగా ఇస్తే రాయల్ బరా, బారన్ అనే జమీందారు చేతి కింద ఉంటే బరా ఆఫ్ బారనీ. 1672 దాకా విదేశీ వ్యాపారం మొదటి రకం ఊళ్ళ సొత్తు. హాడింగ్టన్ ఆ రకమే. పన్ను రాయితీలిచ్చి సాలెలనీ, కోమట్లనీ కూర్చోబెట్టిన మన ‘పేట’ దీనికి దగ్గర. 1975లో బరాలు రద్దయ్యాయి కాబట్టి ఇప్పటి ఊరికి ఆ మాట వాడకండి.

శ్రీనివాస్: ఊరి పటం చూస్తే ఇంకా తేలిక. అక్కడి అంగడి బయలు మొదట ఒకటే ముక్కోణం. నడుమ వేసిన దుకాణాలు క్రమంగా పక్కా ఇళ్ళ వరసయ్యాయి. బయలు రెండు వీధులుగా చీలింది: ఒకటి హై స్ట్రీట్, ఇంకొకటి మార్కెట్ స్ట్రీట్. సంత పందిళ్ళు కొట్లుగా మారి దారిని మింగడం మనమెరగనిదా!

టోల్‌బూత్‌ని టోల్‌గేటు చేస్తే కొంప మునిగినట్టే. ఆశీలు వసూలు, పురసభ సమావేశం, ఖైదు మూడూ ఒకే కట్టడంలో సాగేవి. ‘సుంకం చావడి’ అనండి.

కామేశ్వరి: చావడి భేష్. నన్‌గేట్ కూడా గేటు కాదు. పాత స్కాండినేవియా వాళ్ళ నార్స్ భాషలో ‘గాటా’ అంటే వీధి, కాబట్టి సన్యాసినుల వీధి. తమాషా ఏమిటంటే నిజమైన కోటవాకిలిని వాళ్ళు ‘పోర్ట్’ అంటారు. స్కాట్లండ్‌లోనే సెయింట్ ఆండ్రూస్ ఊళ్ళో ఇప్పటికీ నిలిచి ఉన్న వెస్ట్ పోర్ట్‌ని ‘పడమటి రేవు’ చేశారో, వాకిట్లోకి ఓడలొస్తాయి. మెర్కాట్ క్రాస్ కూడా ‘మార్కెట్ శిలువ’ కాదు, రాజాజ్ఞలు చాటే దండోరా స్తంభం. హాడింగ్టన్‌లో దాని కొసన ఉన్నది మేక!

రఘు: మరి ధాన్యం కొలత ఫర్లట్‌ని కుంచం అనొచ్చా?

శ్రీనివాస్: వద్దు, అలాగే ఉంచండి. వరస మాత్రం కలుస్తుంది: 4 పెక్‌లు ఫర్లట్, 4 ఫర్లట్లు బోల్, మనకు 4 మానికలు కుంచం, 4 కుంచాలు తూము. కొలతే కలవదు. పైగా 1618 శాసనం ప్రకారం ఫర్లట్లు రెండు: గోధుమకి 21¼ పైంట్లు, బార్లీకి, ఓట్స్‌కి 31. స్కాట్ పైంటు ఇంగ్లిష్ పైంటుకు సుమారు మూడింతలు, అంటే దగ్గరదగ్గర 36, 53 లీటర్లు. ఏ గింజో చూడకుండా లీటర్లలోకి మారిస్తే లెక్క సగానికి సగం తేడా కొడుతుంది.