స్కార్పియో ఇచ్చేసి పాత పికప్ తీసుకోవచ్చా? (టమోటా తోటకి)

నిమ్మనపల్లె తోట:
అన్నలకి నమస్కారం. నాది 2015 స్కార్పియో, 1,42,000 కిలోమీటర్లు తిరిగింది. నిమ్మనపల్లె దగ్గర మూడెకరాల్లో టమోటా వేస్తాను. కోసిన ప్రతిసారీ మదనపల్లె మార్కెట్‌కి బాడుగ బండే, ట్రిప్పుకి 1,400. పోయిన నెల బండి దొరక్క స్కార్పియో వెనక సీట్లు పీకేసి 14 క్రేట్లు వేసుకుపోయా. పండ్లు నలిగి రసమంతా కార్పెట్‌లోకి దిగింది. మరుసటి వారం అదే బండిలో పెళ్లికి పోతే మా ఆవిడ దారంతా కిటికీ దించుకునే కూర్చుంది.

ఇప్పుడు పాత బండ్లు అమ్మే ఒక కన్సల్టెన్సీలో 2018 బొలెరో పికప్ చూశా. 96,000 తిరిగిందట. స్కార్పియో తీసుకుని, పైన 40,000 వాళ్లే ఇస్తామంటున్నారు. పికప్ అయితే 50 క్రేట్లు ఒకే ట్రిప్పులో పోతాయి. పొద్దున కోతకి వచ్చే కూలోళ్లను కూడా వెనక ఎక్కించుకు రావచ్చు. అమ్మ గురించే టెన్షన్. మోకాళ్ల నొప్పి, రెండు నెలలకోసారి తిరుపతి ఆస్పత్రికి తీసుకెళ్లాలి. మార్చెయ్యమంటారా?

లోడు బండి:
తమ్ముడూ, పన్నెండేళ్లుగా పికప్ తోలుతున్నా. కూలోళ్ల ఆలోచన ముందు మానుకో. సరుకు బండి వెనక మనుషుల్ని ఎక్కించకూడదు. మా వైపు ఒకసారి పికప్ బోల్తా పడింది. ఆడకూలీలు తొమ్మిదిమంది ఉన్నారు వెనక. దేవుడి దయవల్ల ప్రాణాలు పోలేదు, కానీ ఆస్పత్రి ఖర్చంతా ఓనరే పెట్టుకున్నాడు. అందుకు రెండు ఆవుల్ని అమ్ముకున్నాడు.

ఇంకోటి, పికప్‌కి వెనక కమాన్ కట్టలు, అంటే ఇనుప పట్టీల స్ప్రింగులు. లోడు ఉంటే కుదురుగా పోతుంది, ఖాళీగా పోతే గతుకుల్లో ఎగిరెగిరి పడుతుంది. ఆ మోకాళ్లతో అమ్మని అందులో కూర్చోబెట్టి భాకరాపేట ఘాట్ దించుతావా? లైసెన్సుకి మాత్రం దిగులు పడకు. 7,500 కిలోల లోపు బండికి కారు తోలే మన ఎల్ఎంవి లైసెన్సే చాలని 2024 నవంబర్‌లో సుప్రీంకోర్టు చెప్పింది.

పీలేరు లెక్కలు:
ఏడాదికి ఎన్ని ట్రిప్పులు పడతాయి? అది చెప్పకుండా అడిగితే ఎట్లా?

నిమ్మనపల్లె తోట:
రెండు పంటలకీ కలిపి పోయిన ఏడాది 38. రానూపోనూ 45 కిలోమీటర్లు.

పీలేరు లెక్కలు:
అంటే బాడుగ 53,200. సొంత బండైతే అందులో డీజిల్‌కే 15,000 పోతుంది. మిగిలేది 38,000. దాంట్లోనే టైర్లు, సర్వీసు, ఇన్సూరెన్స్. మన సరుకే మోసుకున్నా అది ఎల్లో బోర్డు (రవాణా) బండి, ఇన్సూరెన్స్ కారు లెక్కలో ఉండదు. ఎనిమిదేళ్ల దాకా ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ పరీక్ష) రెండేళ్లకోసారి, దాటితే ఏటా. 2018 మోడల్ అంటే ఇక ఏటా షెడ్డు చుట్టూ తిరగడమే. పక్క తోటల సరుకు కూడా బాడుగకి తోలితే గిట్టుబాటు. ఇంటికోసమే అయితే నాకు లాభం కనపడలేదు.

అయినా కొనాలనుకుంటే మెకానిక్‌ని తీసుకుపోయి కిందికి దూరి చాసీ (అడుగు ఫ్రేము) చూడమను. ఫైనాన్స్ ఉంటే తీరినట్టు ఫారం 35 ఉండాలి, పేరు మార్పుకి 29, 30. ఆర్‌సీలో లోడుతో కలిపి మొత్తం బరువు 3,000 కిలోలు దాటకపోతే పర్మిట్ అక్కర్లేదు. అదీ చూసుకో.

నిమ్మనపల్లె తోట:
నిన్న మెకానిక్‌తో వెళ్లొచ్చా. క్లచ్ పెడల్ రబ్బరు అరిగి ఇనుము బయటపడింది. 96,000కి అంత అరగదన్నాడు. క్యాబిన్ వెనక చాసీకి వెల్డింగ్ పెట్టి, పైన కొత్తగా నల్ల పెయింట్ కొట్టారు. అడిగితే 'అది కంపెనీదే సార్' అన్నాడు కన్సల్టెన్సీ ఆయన. టీ తాగి వచ్చేశాం.

మా చిన్నాన్న కొడుకు బాడుగకి తిప్పడానికి ఎటూ పికప్ కొంటున్నాడు. నా ట్రిప్పులన్నీ వాడికే ఇస్తానని, 1,200కి ఒప్పించా. కూలోళ్లకి ఎప్పటిలాగే ఆటో. స్కార్పియోకి సీట్లు మళ్లీ బిగించా. అన్నలూ, కార్పెట్ రెండుసార్లు షాంపూ పెట్టి కడిగినా ఎండకి మళ్లీ పులుపు వాసన కొడుతోంది. 14న అమ్మని తిరుపతి తీసుకెళ్లాలి. దానికేమైనా ఉంటే చెప్పండి.

లోడు బండి:
కార్పెట్ మొత్తం పీకి రెండ్రోజులు ఎండబెట్టు తమ్ముడూ. రసం కిందున్న స్పాంజిలో ఉంటుంది, పైన కడిగితే పోదు.