ఇంగువలో గోధుమపిండి ఉంటే సాంబారు కూడా మానేయాలా?

మాధవి_మారతహళ్ళి: మా పాపకి సీలియాక్ అని తేలింది, అంటే గోధుమల్లాంటి వాటిలో ఉండే గ్లూటెన్ అనే ప్రోటీన్ తింటే పేగు దెబ్బతినే జబ్బు. చపాతీ, బ్రెడ్, బిస్కెట్లు అన్నీ మానిపించి అన్నం సాంబారే కదా అని ధైర్యంగా పెడుతున్నాం, నిన్న ఇంగువ డబ్బా వెనక చూస్తే గోధుమపిండి అని ఉంది! ఇంకా వేటిల్లో ఉంటుంది?

సుబ్బలక్ష్మి_కేఆర్‌పురం: గిన్నెడు సాంబారుకి చిటికెడు ఇంగువ. అందులో పిండెంత తల్లీ? ఇలా భూతద్దం పెట్టి చూస్తే మంచినీళ్ళు కూడా తాగలేం.

కావ్య_హెచ్ఎస్ఆర్: మనం కొనేది ఉత్త ఇంగువ కాదు, జిగురూ పిండీ కలిపిన కాంపౌండెడ్ ఇంగువ. బియ్యప్పిండి కలిపినవీ దొరుకుతాయి, చూసి కొనండి. రెడీమేడ్ సాంబారు పొడి, రసం పొడిలోనూ ఇదే ఇంగువ. సోయా సాస్‌లో గోధుమ ఉంటుంది. ఓట్స్ అయితే గ్లూటెన్ ఫ్రీ అని రాసి ఉన్నవే.

కిరణ్: రవ్వ ఇడ్లీ పర్లేదా?

కావ్య_హెచ్ఎస్ఆర్: బొంబాయి రవ్వంటే గోధుమేనండీ బాబూ.

సుబ్బలక్ష్మి_కేఆర్‌పురం: తిండి పదార్థాలకి రూల్స్ పెట్టే ప్రభుత్వ సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ వాళ్ళే కిలోకి 20 మిల్లీగ్రాముల దాకా గ్లూటెన్ ఉన్నా గ్లూటెన్ ఫ్రీ అని రాసుకోవచ్చన్నారు, మరి చిటికెడు ఇంగువ కుండెడు సాంబారులో కలిస్తే అంతకన్నా తక్కువే కదా?

కావ్య_హెచ్ఎస్ఆర్: సాంబారొక్కటే తింటుందా పిల్ల? చారు, పచ్చడి, దద్దోజనం, అన్నిట్లో అదే తాలింపు. రోజు మొత్తమ్మీద ఎంత పోయిందో చూడాలి. కడుపునొప్పి రాలేదని ఊరుకుంటే లోపల పేగు దెబ్బతింటూనే ఉంటుంది, మా తమ్ముడి విషయంలో చూశాం.

వెంకట్: ఇంగువ సరే, రాగులెక్కడ పట్టిస్తున్నారు? మా వీధి మిల్లులో గోధుమలు పట్టిన రాళ్ళ మీదే రాగులు కూడా.

సుబ్బలక్ష్మి_కేఆర్‌పురం: ఈ కాలం పిల్లలకి అన్నీ జబ్బులే. మా కోడలూ ఇంతే, మనవడి పేరు చెప్పి నా పోపులపెట్టె మీద "బాబుకి వాడొద్దు" అని చీటీ అంటించింది. మొన్న చుట్టాలొచ్చి చదివారు. నేనేమన్నా విషం వండుతున్నానా?

కావ్య_హెచ్ఎస్ఆర్: ఇందాకట్నుంచీ మిల్లీగ్రాములు లెక్కపెడుతున్నది ఈ చీటీ కోసమా ఆంటీ? ఆవిడ ఇక్కడ లేదు, మాధవి గారి మీదెందుకు విరుచుకుపడతారు?

సుబ్బలక్ష్మి_కేఆర్‌పురం: నోటితో చెప్తే నేను వినేదాన్ని కాదా? చీటీ ఏంటమ్మా చీటీ!

మాధవి_మారతహళ్ళి: పెద్దమ్మా, నేనూ మా అత్తగారికి ఎలా చెప్పాలా అనే ఆలోచిస్తున్నా. వెంకట్ గారూ, రాగులు ఇంట్లో మిక్సీలో పట్టుకుంటే సరిపోతుందా?

వెంకట్: కడిగి ఆరబెట్టి పట్టుకోండి, అందులో గోధుమలు ఎప్పుడూ వేయకపోతే. జల్లెడ మాత్రం విడిగా కొనుక్కోండి, పాత జల్లెడ సందుల్లో పిండి ఎంత కడిగినా పోదు.