అరవై దాటిన నాన్న కట్టెలు కొడుతుంటే ఆపాలా, వద్దా?

గోదారిగట్టు:
మా నాన్నకు 63 ఏళ్ళు, ఊళ్ళో ఉంటారు. వంటకు గ్యాసే, కానీ స్నానాల నీళ్ళకు ఇప్పటికీ పెరట్లో కాగు, దాని కింద కట్టెల పొయ్యి. తోటలో కొట్టేసిన మామిడి, తుమ్మ మొద్దుల్ని తెల్లారగట్ల లేచి ఓ అరగంట ఆయనే చీలుస్తారు. సంక్రాంతికి వెళ్ళినప్పుడు కిటికీలోంచి చూశాను. గొడ్డలి మొద్దులో ఇరుక్కుపోయింది. కామ పట్టుకుని పక్కకి మెలితిప్పి లాగారు. అంతే, నడుం మీద చెయ్యేసుకుని అలాగే వంగిపోయారు, కాసేపు లేవలేదు. గొడ్డలి తీసుకెళ్ళి అటక మీద పెట్టేశాను. "నాకున్న ఒక్క ఎక్సర్‌సైజూ తీసేశావురా" అన్నారు. షుగర్ బార్డర్‌లో ఉంది, కాబట్టి ఒళ్ళు కదలడం ఆయనకి అవసరమే. నేను చేసింది తప్పా?

మన్యం కుర్రాడు:
తప్పే అన్నా. భుజాలు, వీపు, పొట్ట, తొడలు అన్నీ ఒకేసారి పనిచేసే వ్యాయామం అది. 2013లో బొలీవియాలోని చిమానే తెగవాళ్ళ మీద చేసిన పరిశోధన ఒకటి వచ్చింది. గంటసేపు గొడ్డలి పని చేసిన మగవాళ్ళ లాలాజలంలో టెస్టోస్టెరాన్ (కండ పెంచే మగ హార్మోన్) దాదాపు 47 శాతం పెరిగింది. ఫుట్‌బాల్ ఆడినప్పుడు పెరిగింది 30 శాతమే. వయసు పైబడినవాళ్ళకీ పెరిగింది. పెద్దాయన ఒంట్లో సత్తువ ఉంటే ఆపడం దేనికి?

ఎముకల గూడు (ఫిజియోథెరపిస్టు):
తమ్ముడూ, ఆ పరిశోధన పొలం కోసం చెట్లు నరికే పని మీద చేసింది. నిలబడ్డ చెట్టుని నరకడం వేరు, కింద దిమ్మ మీద పెట్టిన మొద్దుని చీల్చడం వేరు. పైగా అది పని చేసిన వెంటనే కనిపించిన పెరుగుదల, కండ పెరిగిందని కాదు.

గోదారిగట్టు గారూ, మీరు చెప్పిన దాంట్లో నన్ను కంగారు పెట్టింది రెండు సంగతులు. ఒకటి, తెల్లారగట్ల. రాత్రంతా పడుకున్నప్పుడు వెన్నుపూసల మధ్య ఉండే డిస్కులు నీరు పీల్చుకుని ఉబ్బుతాయి. లేచిన కొత్తలో వంగితే వాటి మీద ఒత్తిడి మిగతా వేళల్లో కంటే బాగా ఎక్కువ. ఎప్పట్నుంచో నడుంనొప్పి ఉన్నవాళ్ళ మీద 1998లో అమెరికాలో ఒక పరిశోధన చేశారు. పొద్దున్నే వంగడం తగ్గిస్తే వాళ్ళకి నొప్పి తగ్గింది. ఎండెక్కకముందే పని కానిచ్చేద్దామని మనవాళ్ళు సరిగ్గా ఆ వేళే ఎంచుకుంటారు. రెండోది, ఇరుక్కున్న గొడ్డలిని వంగి, మెలితిరిగి లాగడం. నా దగ్గరికి వచ్చేవాళ్ళు ఎక్కువమంది "దెబ్బ వేస్తుంటే పట్టేసింది" అనరు, "లాగుతుంటే పట్టేసింది" అంటారు.

గొడ్డలికి కర్ర కామా, ఇనప పైపా? ఈమధ్య చాలామంది పైపు వెల్డింగ్ చేయిస్తున్నారు. పైపైతే దెబ్బ అదురు తిన్నగా మోచేతికి వస్తుంది. దానికి తోడు బిగించి పట్టుకుంటే మోచేయి బయటివైపు నొప్పి పట్టుకుని నెలల తరబడి వదలదు.

ఇంకో మాట. ఒకే శ్రమకి కాళ్ళతో చేసే పనికంటే చేతులతో చేసే పని బీపీనీ గుండె వేగాన్నీ ఎక్కువ పెంచుతుంది. దెబ్బకి ఊపిరి బిగబడితే ఇంకా పెరుగుతుంది. దెబ్బ దిగేటప్పుడు ఊపిరి వదలాలి. మనవాళ్ళు "హుఁ" అనేది అందుకే. ఆయన బీపీ చూపించి ఎన్నాళ్ళయింది?

అడితి వాళ్ళబ్బాయి:
ఇక్కడ అందరూ వ్యాయామం అంటున్నారు. మా నాన్న 30 ఏళ్ళు కట్టెల అడితిలో కట్టెలు కొట్టాడు. బరువు లెక్కన కూలి. ఎంత కొడితే అంత, నడుం నొప్పని కూర్చుంటే ఆ రోజు సున్నా. ఆయన అరచేతిలో వేళ్ళ మొదళ్ళ దగ్గర నాలుగు కాయలు ఉండేవి, చింతపిక్కల్లా గట్టిగా. అన్నం కలుపుతుంటే స్టీలు పళ్ళానికి తగిలి టిక్కుమనేవి. యాభై వచ్చేసరికి కుడిచేతి వేళ్ళు పూర్తిగా చాపలేకపోయాడు. కుడి భుజం ఎడమ దానికంటే కిందికి దిగిపోయింది. చొక్కా వేసుకోవాలంటే అమ్మ చెయ్యి అందించాల్సి వచ్చేది. కట్టెలు కొట్టడం ఒంటికి మంచిదని ఎవరైనా అంటే నాకు ఆ చొక్కా గుర్తొస్తుంది.

మన్యం కుర్రాడు:
అన్నా, క్షమించు. నేను ఆ వైపు నుంచి ఆలోచించలేదు. కానీ గోదారిగట్టు వాళ్ళ నాన్నగారిది అరగంట పని, అలిసిపోతే ఆగే స్వేచ్ఛ ఉంది. అదీ ఇదీ ఒకటి కాదు కదా?

అడితి వాళ్ళబ్బాయి:
కాదు, ఒప్పుకుంటాను. గొడ్డలి ఒకటే. ఎప్పుడు ఆపాలో ఎవరు చెప్తున్నారన్నదే తేడా. అందుకే గోదారిగట్టు గారూ, ఆ గొడ్డలి దాచడం నాకు నచ్చలేదు. ఆయన ఆపగలిగిన పనిని మీరు ఆపించారు.

మంచుదేశం తెలుగోడు:
మేం అమెరికాలో, మిన్నెసోటాలో చలికాలం పొయ్యికి కట్టెలు చీలుస్తాం. ఇక్కడివాళ్ళ దగ్గర నేర్చుకున్న చిట్కా ఒకటి. దిమ్మ మీద పాత కారు టైరు పెట్టి, అందులో మొద్దు నిలబెట్టి కొట్టండి. పేళ్ళు ఎగిరి కాలిమీద పడవు, ఒక్కో పేడుకీ వంగి ఏరుకునే పని ఉండదు. దిమ్మ ఇంచుమించు మోకాలి ఎత్తున ఉండాలి. చీల్చడానికి పలచటి నరికే గొడ్డలి వద్దు, మందపాటి అంచుదైతే ఇరుక్కోదు. కళ్ళద్దాలు తప్పనిసరి. నా పక్కింటాయన కంట్లో పుల్ల గుచ్చుకోవడం నా కళ్ళతో చూశాను.

ఎముకల గూడు:
టైరు మాట బాగుంది. తుమ్మ ఎండాక రాయిలా అవుతుంది, పచ్చిగా ఉన్నప్పుడే చీల్చుకోమనండి. ముడులున్న మొద్దులు ఆయన ముట్టుకోకపోవడమే మంచిది. పది దెబ్బలకోసారి చేతులు మార్చి పట్టుకోవాలి, మొదట్లో గురి కుదరదు కాబట్టి నెమ్మదిగా. నొప్పి కాలిలోకి దిగితే మాత్రం గొడ్డలి పక్కనపెట్టి డాక్టర్‌కి చూపించండి.

గోదారిగట్టు:
కామ పైపుదే. నేనే రెండేళ్ళ కిందట వెల్డింగ్ చేయించి ఇచ్చాను, గట్టిగా ఉంటుందని. ఇప్పుడే ఫోన్ చేశాను. బీపీ చూపించి ఏడాది దాటిందట, సోమవారం తీసుకెళ్తాను. కర్ర కామ ఆయనే వేసుకుంటానన్నారు. సాయంత్రం ఎండ తగ్గాక కొట్టుకోమన్నాను, టైరు మెకానిక్ దగ్గర అడుగుతాను. ముడులున్న తుమ్మ మొద్దులు నాలుగున్నాయి, వాటికి మనిషిని పెట్టాలి.

అడితి వాళ్ళబ్బాయి:
ఆ మనిషికి బరువు లెక్కన కాకుండా రోజు కూలి ఇవ్వండి.

గోదారిగట్టు:
అలాగేనండీ. రోజు కూలికే మాట్లాడతాను.