ఆటలో అరటిపండుగా చేర్చుకుంటే చేర్చుకున్నట్టేనా?

కాలనీ కెప్టెన్: మా కాలనీ యూత్ ఏటా మే నెలలో పిల్లలకి పది రోజుల క్యాంపు పెడుతుంది. క్రికెట్, ఖోఖో, ఏడు పెంకులాట, చివరి రోజు ట్రెక్కింగ్. ఈసారి వాకర్‌తో నడిచే పదకొండేళ్ళ బాబునీ, అస్సలు చూపులేని ఒక పాపనీ చేర్చుకోమని వాళ్ళ ఇళ్ళవాళ్ళు అడిగారు. కమిటీలో సగంమంది సరే అన్నారు, సగంమంది వాళ్ళకి విడిగా ఒక పూట పెడదాం అంటున్నారు. నలభైమంది పిల్లలకి మేమున్నదే ఐదుగురం, ఎవరైనా పడితే బాధ్యత ఎవరిది? నాకైతే విడిగా పెట్టడమే నయమనిపిస్తోంది. తిట్టకుండా చెప్పండి.

శ్రావణమేఘం: తిట్టను గానీ మా ఇంట్లో జరిగింది చెప్తా. మావాడికి పుట్టుకతోనే ఒక కాలు పొట్టి. ఏ గ్రౌండుకి తీసుకెళ్ళినా "రారా, నువ్వు స్కోరు రాయి" అనేవాళ్ళు. పోనీలే పిలిచారు కదా అని మొదట్లో నేనూ సంబరపడ్డా. ఒకరోజు ఆ స్కోరు పుస్తకం తిరగేస్తే చివరి పేజీలో వాడే రెండు టీములు రాసుకుని, తన పేరు ఓపెనర్‌గా పెట్టుకుని, బంతి బంతికీ పరుగులు వేసుకున్నాడు. 43 కొట్టి ఔటయ్యాడు కూడా, క్యాచ్.

మిడిల్ స్టంప్: చదివితే మనసు చివుక్కుమంది అక్కా. కానీ అందరూ మెల్లగా బంతి వేసి, చేతిలో పడ్డ క్యాచ్ వదిలేస్తే అది జాలేగానీ ఆట కాదు, ఆ పిల్లాడికి మాత్రం తెలియదా? విడిగా పెడితే నిజమైన పోటీ ఉంటుంది. పారాలింపిక్స్ విడిగానే కదా జరిగేది, 2024లో పారిస్‌లో మన వరంగల్ అమ్మాయి దీప్తి జీవాంజి 400 మీటర్లలో కాంస్యం తెచ్చింది అక్కడే కదా.

బడి మాస్టారు: దీప్తి పతకం తెచ్చింది అక్కడే, కాదనను. కానీ వాళ్ళ ఊరు కల్లెడలో బడి పిల్లల మధ్య పరిగెత్తుతుంటేనే పీఈటీ కంట్లో పడింది. నేను ప్రత్యేక అవసరాలున్న పిల్లలకి పాఠాలు చెప్తుంటాను. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 16వ సెక్షన్ బడులు ఆటల్లోనూ సమాన అవకాశం ఇవ్వాలంటుంది, మీది బడి కాదు కాబట్టి దాన్ని చూపించి భయపెట్టను. జాలి గురించి మిడిల్ స్టంప్ గారన్నది నిజం, దానికి మందు రూల్ మార్చడం. అంధుల క్రికెట్ చూడండి. బంతిలో గలగలలాడే బేరింగులుంటాయి, చేయి కిందనుంచి వేస్తారు, బొత్తిగా చూపులేనివాళ్ళు కొట్టిన ప్రతి పరుగూ రెండుగా లెక్క. కానీ బౌల్డయితే బౌల్డే! అరటిపండుకి ఔట్ ఉండదు, అదీ తేడా. మీరు టెన్నిస్ బంతిని పల్చటి క్యారీబ్యాగులో చుట్టి ముడేయండి, దొర్లుతుంటే గరగరమంటుంది. బాబు బంతి కొడితే బదులుగా పరిగెత్తడానికి రన్నర్‌ని పెట్టండి. అంతర్జాతీయ మ్యాచుల్లో ఐసీసీ 2011లో రన్నర్‌ని తీసేసిందిగానీ మన గల్లీలో ఎవరు తీశారు? బాధ్యత అంటారా, ఇద్దరి ఇళ్ళనుంచీ రోజుకొకరు వచ్చి కూర్చోమనండి, వస్తారు. ట్రెక్కింగ్ దగ్గర మాత్రం నేనూ వాదించను, చోటు మార్చాల్సిందే.

మిడిల్ స్టంప్: బాబుకి రన్నర్ ఓకే. ఖోఖోలో ఏం చేస్తారు మాస్టారూ?

బడి మాస్టారు: ఖోఖోకి నా దగ్గరా జవాబు లేదు. అన్ని ఆటలూ అందరికీ కుదరవు, ఆ పూట వాళ్ళిద్దరూ ఇంకో నలుగురిని వెంటేసుకుని క్యారమ్స్ ఆడొచ్చు. ఇద్దర్నే కూర్చోబెట్టకండి, అంతే.

కాలనీ కెప్టెన్: నిన్న సాయంత్రం ఆడించి చూశాం. కవరు మూడో ఓవర్‌కే చిరిగింది, రెండు కవర్లు వేశాం. పాప ఐదో బంతికి బౌల్డయింది, అయ్యాక ఒప్పుకోదే! "బంతి చప్పుడు రాలేదు, గాల్లో వచ్చింది, నోబాల్" అని పది నిమిషాలు గొడవ, వేసినవాడు ఏడుపు మొహం పెట్టాడు. అంపైర్‌ని నేనే, నోబాల్ ఇచ్చా. మిడిల్ స్టంప్ గారూ, జాలిపడి కాదండీ, నిజంగానే గాల్లో వచ్చింది. బాబుకి రన్నర్‌గా ఎవరుండాలని ముగ్గురు ఇంకా కొట్టుకుంటున్నారు. విజయవాడ చుట్టుపక్కల మెట్లూ రాళ్ళూ లేని, వాకర్ నడిచే చోటు ఏదైనా ఉంటే చెప్పండి, ట్రెక్కింగ్‌కి ఇంకా వారం ఉంది.