చిన్ననాటి కథలను, ఆ కథల సినిమాలను ఇప్పుడు పిల్లలకు ఎలా చూపించాలి?

ప్రశ్న: అమలాపురం నుంచి ఒక తల్లి

ఈ వేసవిలో మా పాపకు పాత జానపద చిత్రాలను వరుసగా చూపించాలని అనుకుని, నాకు ఎంతో ఇష్టమైన ‘జగదేకవీరుని కథ’ (1961)తో మొదలుపెట్టాను. పింగళి వారి మాటలు, పెండ్యాల వారి బాణీలు ఇప్పటికీ అంతే హాయిగా ఉన్నాయి. అయితే జలకాలాడుతున్న దేవకన్య చీరను కథానాయకుడు తీసుకునే ఘట్టం వచ్చేసరికి నా మనసు నిలవలేదు. చిన్నప్పుడు దానిని కొంటెతనం అనుకుని నవ్వుకున్నాను. ఇప్పుడేమో, ఆమెను ఇంటికి వెళ్లనీయకుండా చేసి పెళ్లాడటంలో ప్రేమ ఎక్కడుందన్న ఆలోచన వదలడం లేదు. పాప కూడా ‘ఆమె చీర ఆమెకు ఇచ్చేయొచ్చు కదమ్మా’ అని అడిగింది.

నిద్రపోతున్న రాకుమారిని ముద్దుపెట్టుకుని లేపే విదేశీ కథలను చూసినా ఇదే ఇబ్బంది కలుగుతోంది. మా అమ్మమ్మ నోటితో చెప్పిన కథలలో ఆడవాళ్లు ఇంత నిస్సహాయంగా ఉండేవారు కాదని నాకు గుర్తు. సినిమాలే ఈ కథలను పాడుచేశాయా? ఇటువంటి ఘట్టాలను పిల్లలకు చూపించకుండా దాటవేయడం మంచిదా? ఆలోచించిన వారు చెప్పగలరు.

జవాబు: నరసాపురం నుంచి ఒక తెలుగు ఉపాధ్యాయుడు

అమ్మా, మీ పాప అడిగిన మాట ఆ కథకు ఆయువుపట్టు అండీ. చీరనో, రెక్కలనో, చర్మాన్నో దాచేసి దివ్యకన్యను ఇల్లాలిని చేసుకునే కథ మన ఒక్కరిదే కాదు. జపానులో ఉంది, స్కాట్లండ్ సముద్రతీరంలోనూ ఉంది. సీలు అనే సముద్రజంతువు చర్మం విడిచి మనిషిగా మారే స్కాట్లండ్ వారి సీలు కన్యల కథలలో, ఏళ్ల తరబడి కాపురం చేసి బిడ్డలను కన్న తరువాత కూడా, దాచిన చర్మం కంటబడిన నాడే ఆమె కడలిలోకి వెళ్లిపోతుంది. దొంగిలించి కట్టిన కాపురం నిలవదన్న సంగతి ఆ కథ చెప్పుకున్న వారికి తెలుసు. దానిని కొంటెతనంగా మలిచి, మనచేత చప్పట్లు కొట్టించినది చిత్రీకరణే. 1990 నాటి ‘జగదేకవీరుడు అతిలోకసుందరి’కి వచ్చేసరికి ఇంద్రజ తన ఉంగరాన్ని తానే పోగొట్టుకుంటుంది, అది కథానాయకుడికి దొరుకుతుంది. (తుపాను వచ్చిన ఆ మే నెలలోనే విడుదలైంది కాబట్టి మన జిల్లాల వారు ఆ సినిమాను మరచిపోరు.) దొంగతనం లేకుండానే ఆ కథ నడిచిందన్నది గమనించదగ్గ విషయం.

మీ అమ్మమ్మ గారి కథల గురించి మీరు అన్నది బాలనాగమ్మ విషయంలో పూర్తిగా నిజం. 1959 చిత్రంలో మాయల ఫకీరుగా ఎస్.వి.రంగారావు గారిని చూసి భయపడటంతోనే మా చిన్నతనం సరిపోయింది. కొడుకు బాలవర్ధి సాహసం చేసి, ఫకీరు ప్రాణమున్న చిలుకను పట్టి తెచ్చాడన్నదే మనకు గుర్తుండిపోయింది. పెద్దయ్యాక అదే కథను మళ్లీ చూడండి. కుక్కగా మారి, పసిబిడ్డకు దూరమై, శత్రువు ఇంట బందీగా పడిన ఆ ఇల్లాలి చేతిలో ఆయుధం లేదు, ఆమెకు తోడు లేదు. వ్రతం పూర్తయ్యే వరకు తనను ముట్టరాదన్న ఒక్క మాటను అడ్డుపెట్టుకుని, ఏడాది తరువాత ఏడాది అతడిని దూరంగా నిలిపింది. ప్రాణం ఎక్కడ దాచాడో అతడి నోటితోనే చెప్పించినదీ ఆమే. కొడుకు వచ్చేనాటికి యుద్ధంలో సగం గెలిచి ఉంచింది. పెద్దాపురంలో పుట్టిన అంజలీదేవి గారు ఆ పాత్రలో కన్నీళ్లతో పాటు పట్టుదలను కూడా చూపించారు. మనమే కన్నీళ్లను మాత్రం చూశాం.

దాటవేయడం నాకు ఇష్టం లేదు. మన రాజమండ్రిలో ఉండి మధిర సుబ్బన్న దీక్షితులు గారు రాసిన ‘కాశీ మజిలీ కథలు’ ఎలా నడుస్తాయో చూడండి: కాశీయాత్రలో మజిలీ మజిలీకీ, వెంట వచ్చే గోపకుమారుడు ఏదో వింత చూసి, దాని కథ చెప్పమని పట్టుబడితే తప్ప గురువు మణిసిద్ధుడు నోరు విప్పడు. మీ పాపను కూడా అలాగే అడగనివ్వండి, సినిమాను అక్కడ ఆపి మాట్లాడండి.

జవాబు: కాకినాడ నుంచి ఒక పాఠకురాలు

మాస్టారి మాటలతో చాలావరకు ఏకీభవిస్తాను. కానీ పాతది కాబట్టి మంచిదని, సినిమా కాబట్టి చెడ్డదని అనుకోవద్దని మనవి. నిద్రపోయే రాకుమారి కథను 17వ శతాబ్దంలో ఇటలీలో బసీలే రాసిన తీరు ఇప్పటి తల్లి ఎవరూ బిడ్డకు చదివి వినిపించలేరు. స్పృహలేని ఆమెపై ఒక రాజు చేసిన అత్యాచారం అందులో ఉంది. 1697లో ఫ్రెంచి రచయిత పెరో ఆ నేరాన్ని తీసివేసి, రాకుమారుడు ఆమె పక్కన మోకరిల్లగానే మెలకువ వచ్చినట్లు రాశాడు. స్నో వైట్ విషయంలో జరిగింది దీనికి విరుద్ధం. గ్రిమ్ సోదరుల కథలో ముద్దు లేనే లేదు. శవపేటికను మోసేవారు తడబడటంతో గొంతులోని ఆపిల్ ముక్క బయటపడి ఆమె లేస్తుంది. ముద్దుతో ప్రాణం పోసినది 1937 నాటి డిస్నీ చిత్రం.

కథలను మార్చే హక్కు ప్రతి తరమూ తీసుకుంది కనుక మనకూ ఉంది. అయితే దుఃఖాన్ని తుడిచేయడానికి ఆ హక్కు వాడుకోవడం నాకు నచ్చదు. 1837లో ఆండర్సన్ రాసిన జలకన్య తన గొంతును పోగొట్టుకుని, రాకుమారుడిని కూడా పోగొట్టుకుంటుంది. 1989 డిస్నీ చిత్రం ఆమెకు పెళ్లి చేసింది. మా అమ్మాయికి నేను ఆండర్సన్ ముగింపే చెప్పాను. ఏడ్చింది, మరునాడు మళ్లీ చెప్పమంది.

ప్రశ్న అడిగిన తల్లి

ఇద్దరికీ కృతజ్ఞతలు. తరువాత బాలనాగమ్మే చూపిస్తాను. చీర ఘట్టం గురించి పాపతో మాట్లాడాను. రాకుమారుడు ముందుగా పేరు చెప్పి, ఆమె పేరు అడిగి ఉండాల్సిందని తను తేల్చింది.

జవాబు: రాజోలు నుంచి

బాలనాగమ్మ చూపించే ముందు ఒక్క మాట అండీ. ఈ కథలన్నింటిలో ఎవరూ పట్టించుకోని మనిషి సవతి తల్లి. మా అమ్మ పోయిన తరువాత నన్ను పెంచి పెద్దచేసినది మా పిన్ని. బాలనాగమ్మ కథలో పిల్లలను బాధపెట్టే సవతి తల్లి గురించి విన్నప్పుడల్లా ఆమె లేచి వంటింట్లోకి వెళ్లిపోయేది. గ్రిమ్ సోదరుల స్నో వైట్ 1812 నాటి తొలి ప్రచురణలో ఆ పిల్లను చంపించబోయినది కన్నతల్లే. 1819 నాటికి వారు ఆమెను సవతి తల్లిగా మార్చేశారు. అమ్మతనానికి మచ్చ రాకూడదని చేసిన ఆ మార్పు బరువును, మా పిన్ని వంటి వారు తరతరాలుగా మోస్తున్నారు. ఫకీరు గురించి, చిలుక గురించి మీ పాపతో ఎంతైనా మాట్లాడండి. కానీ మీతో కలిసి సినిమా చూసే పిల్లల్లో పినతల్లి దగ్గర పెరుగుతున్న బిడ్డ ఉంటే, ఆ ఘట్టం వచ్చినప్పుడు ఆ బిడ్డ పక్కన కూర్చోండి.