‘గాథ బలుకఁగ’నా, ‘గాథ పలుకఁగ’నా?

నల్లగొండ నుంచి: పోతన ‘పలికెడిది భాగవతమఁట’ కందం కంప్యూటర్‌ల ఎక్కిస్తున్నం. నాలుగో పాదం ‘పలికెద వేఱొండు గాథ’ దాక రంది లేదు. ఆ తర్వాత ‘బలుకఁగ నేలా’ అనా, ‘పలుకఁగ నేలా’ అనా? నోట్ల నానింది బ. ఇంకోటి, కీబోర్డుల అరసున్న ఎక్కడున్నది? ఏది కొట్టినా నిండుసున్ననే పడుతున్నది.

దేవరకొండ నుంచి: బ నే సార్. గాథన్ + పలుకఁగన్. ద్రుతం, అంటే చివరి ‘న్’ మీద పరుషమైన ప సరళమైన బ అయింది. అసలైతే గాథ మీద గూడ అరసున్న పెట్టి ‘గాథఁ బలుకఁగ’ అని రాయాలె. ఆ చుక్క ఎగిరిపోయి ఒట్టి బ మిగిలింది, అందుకే మీకు అనుమానం.

గద్వాల నుంచి: అంత తొందరగా తేల్చకండి. జడానికి, అంటే ప్రాణం లేని దానికి, ద్వితీయా విభక్తికి బదులు ప్రథమ వస్తుందని వ్యాకరణం రాసిన చిన్నయసూరే అన్నాడు కదా. ‘గాథ’ ప్రథమ అయితే ద్రుతమే లేదు. గసడదవాదేశం చేసి ప ను వ గా మారిస్తే ‘వలుకఁగ’ అవుతుంది, అది బహుళం, అంటే ఒకచోట వచ్చి ఒకచోట రానిది, కాబట్టి ‘పలుకఁగ’ అనే నిలుస్తుంది. పైగా పలికెడిది, పలికించెడి, పలికిన, పలికెద అని నాలుగు పాదాలూ ‘పలి’తో ఎత్తుకున్న కవి అయిదో పలుకును బ చేసి మెత్తబరుస్తాడా?

షాద్‌నగర్ నుంచి: యతితో ఇది తేలదు. పాదం మొదలు ప, నాలుగో గణం మొదలు ప అయినా బ అయినా ఒకే వర్గం. ఛందస్సు పట్టుబట్టేది అరసున్న దగ్గర. ‘పలుకఁగ’ నాలుగు లఘువులు. నిండుసున్న కొట్టి ‘పలుకంగ’ చేస్తే అయిదు మాత్రలై గణం విరుగుతుంది. రెండో పాదం చివర ‘డఁట నే’ కూడా అంతే. ‘వాఁడు’లో మాత్రం వా ఎట్లాగూ గురువే కనుక తప్పు చెవికి దొరకదు, కంటితోనే పట్టుకోవాలి.

విండోస్‌లో తెలుగు భాష చేర్చి, ‘ఫొనెటిక్’ అని లేని తెలుగు కీబోర్డు తీసుకోండి. అది ఇన్‌స్క్రిప్ట్ అనే మీటల అమరిక. విండోస్ మీట పట్టి స్పేస్‌బార్ నొక్కితే భాష మారుతుంది. ఎక్స్ మీట నిండుసున్న, షిఫ్ట్ + ఎక్స్ అరసున్న. ‘వాఁడు’కు వరుసగా బి, ఇ, షిఫ్ట్ + ఎక్స్, ఎడమ చదరపు బ్రాకెట్, జి. దీర్ఘం కంటే ముందు అరసున్న కొట్టారో, దీర్ఘం అక్షరానికి అతకక చుక్కల వలయం మీద పడుతుంది. బ్యాక్‌స్పేస్‌తో రెండూ చెరిపి మళ్లీ కొట్టాలి.

పాలమూరు నుంచి: మన దిక్కు ‘వచ్చిండంట’ అంటం, ‘వాండ్లు’ అంటం. పుస్తకంల సగమైన సున్న మన నోట్ల నిండుగ బతికున్నదని నా నమ్మకం. ‘భాగవతమంట’ అని చదివే పెద్దలది తప్పని నేననను. రాతల మాత్రం అరసున్ననే ఉండాలె.

మిర్యాలగూడ నుంచి: అందరూ బ మీద పడ్డారు, ‘వేఱొండు’ సంగతి ఎవరూ అనలేదు. అది బండి ఱ. వేరు అంటే చెట్టు వేరు, వేఱు అంటే మరొకటి. తమిళంలో ఈ రెండు మాటలకూ ఈనాటికీ రెండు వేర్వేరు అక్షరాలే. ఇన్‌స్క్రిప్ట్‌లో జె మీట ర, షిఫ్ట్ + జె ఱ. కంట్రోల్ + ఎఫ్‌తో వెతికేటప్పుడు ‘వేరొండు’ అని కొడితే ‘వేఱొండు’ దొరకదు, రెంటి యూనికోడ్ సంఖ్యలు వేరు. గొడవ లేని ‘గాథ’తో వెతకండి. అందులోనూ థ షిఫ్ట్ + ఎల్, ధ షిఫ్ట్ + ఓ. ‘గాధ’ అని పడితే అదీ దొరకదు.

దేవరకొండ నుంచి: గద్వాల సార్, ప్రథమ అని మీరన్నది కుదురుతుంది, కాదనను. కానీ ‘నే’ అని రెండో పాదం చివర ఆపి, మూడో పాదంలో ‘పలికిన’ అని అందుకున్న తీరు చూడండి. మాటను మాటలోకి ఒలికించే చెయ్యి అది. ఆ ధారకు బ యే నప్పుతుంది.

నల్లగొండ నుంచి: షిఫ్ట్ + ఎక్స్ పనిచేసింది. ఇన్‌స్క్రిప్ట్ పెట్టని కంప్యూటర్‌ల ఎట్ల?

షాద్‌నగర్ నుంచి: వర్డ్‌లో అయితే అక్షరం పక్కనే 0సి01 కొట్టండి, సి ఇంగ్లీషుది. వెంటనే ఆల్ట్ + ఎక్స్ నొక్కితే అరసున్న అవుతుంది. 0సి31 ఱ. ‘మహబూబ్‌నగర్’లో బ కింద న ఒత్తు పడకుండా ఆపేది 200సి, పొల్లు కొట్టిన వెంటనే పెట్టాలి.

గద్వాల నుంచి: ‘గాథఁ’ అని గాథ మీద అరసున్న ఉన్న పాత అచ్చు పేజీ ఎవరి దగ్గరైనా ఉంటే ఫొటో పెట్టండి. అది చూసేదాక నాది ప యే.